సాయమ్మ పెట్టిన సంతకం

గట్టయ్య ఆక్సిజన్ మాస్కు పీకేసి, చెప్పులేసుకుని మంచం అంచున కూర్చున్నాడు. చంద్రపూర్ ఆసుపత్రిలో చేరి రెండు రోజులే అయింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము తగ్గలేదని, ఇంకో ఐదు రోజులైనా ఉండాలని డాక్టరమ్మ పొద్దునే చెప్పింది. అయినా ఆయనది ఒకటే మాట... "ఇంటికి వోత."

భార్య సాయమ్మ బతిమాలింది, ఏడ్చింది. చివరికి ఆయన కళ్లలోకి చూసి ఆగిపోయింది. ఆ చూపు ఆమె ముప్పై ఏళ్ల కింద ఒక్కసారే చూసింది! మారు మాట్లాడకుండా లేచింది. వైద్యుల మాట కాదని తీసుకుపోతున్నామనే మరాఠీ కాగితాన్ని నర్సు హేమలత తెలుగులో విప్పి చెబితే విని, సంతకం పెట్టింది.

డాక్టరమ్మ తిడుతుందనుకుంది. ఆమె కోప్పడలేదు. గట్టయ్య పక్కన కూర్చుని, ఇక్కడ నీకేం కష్టంగా ఉందని అడిగింది. ఆయన తల వంచుకుని మళ్లీ "ఇంటికి వోత" అన్నాడు. మందులు రాసిచ్చి, పెదాలు నల్లబడినా, మాట్లాడుతుంటే ఆయాసం వచ్చినా వెంటనే తీసుకురమ్మంది. "సంతకం వెట్టి పోయినమని సిగ్గువడకుండ్రి. ఎప్పుడచ్చినా చూస్తమంటున్నది డాక్టరమ్మ" అని హేమలత తన ఫోన్ నంబరు రాసిచ్చింది.

సాయంత్రం విసాపూర్ నుంచి కూతురు సుభాషిణి పరుగున వచ్చింది. ఇంట్లో మంచం మీద రొప్పుతున్న తండ్రిని చూసి కూలబడిపోయింది.

"నాయిన మొండోడు. నీ తెలివేమైందే అమ్మా? నువ్వెందుకు సంతకం వెట్టినవ్?"

సాయమ్మ అన్నం కంచం తెచ్చి ముందు పెట్టింది. కూతురు ఆమె చేతి అన్నం కూడా ముట్టలేదు. నాయినకేమన్నా అయితే నీ మొఖం చూడనంది. కన్నబిడ్డ నోట ఆ మాట... సాయమ్మ గుండె చెరువైపోయింది!

ఎలా చెప్పగలదు? ముప్పై ఏళ్ల కింద బొగ్గు గనిలో పైకప్పు కూలి గట్టయ్య పూటంతా ఆ చీకట్లో ఇరుక్కుపోయాడు. పక్కనున్న దోస్తు బాపురావు ప్రాణం అక్కడే పోయింది. రోజూ నేను గని దిగుతుంటే పిల్లలు బెదురుతారు, వాళ్లకు తెలియనీయకని ఆయన ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు అదే గనిలోకి దిగి పిల్లల్ని పెంచాడు. ఇప్పుడా ఆసుపత్రి మూల మంచం, చుట్టూ పరదాలు, మూతికి బిగించిన మాస్కు... ఆయన మళ్లీ ఆ బొగ్గు కిందికే పోయాడని సాయమ్మ ఒక్కదానికే తెలుసు.

మర్నాడు పొద్దునే హేమలతే ఫోన్ చేసి ఎలా ఉన్నాడని అడిగింది. అప్పటికే గట్టయ్యకు మాట పూర్తి కావడం లేదు. వెంటనే తీసుకురమ్మంటే ఆయన రాడని సాయమ్మ ఏడ్చేసింది. ఆ ఏడుపులోనే ముప్పై ఏళ్ల ఒట్టు తెగిపోయింది.

"పరదా చూస్తె ఆయనకు కూలిన గని యాదికస్తది బిడ్డా. మాస్కు వెడితే మొఖం మీద బొగ్గు వడ్డట్టే ఉంటది. అందుకే తోలుకచ్చిన..."

గుమ్మంలో సుభాషిణి నిలువునా నీరైపోయింది. మంచం మీద గట్టయ్య కళ్లు మూసుకున్నాడు. ఆ ముఖంలో కోపం లేదు, చెంపల మీదికి నీళ్లు జారుతున్నాయి.

హేమలత ఫోన్ పెట్టేయకుండానే డాక్టరమ్మను అడిగి, కిటికీ పక్క మంచం ఖాళీగా ఉందని, చుట్టూ పరదా కట్టబోమని, మాస్కు బదులు ముక్కుకు సన్నటి గొట్టం పెట్టి చూస్తామని చెప్పింది.

"కిటికి ఉంటదంటనా?" అన్నాడు గట్టయ్య.

"ఉంటదట" అంది సాయమ్మ.

ఆయన లేవడానికి కూతురికి చెయ్యందించాడు.

ఆసుపత్రికి తిరిగొచ్చిన నాలుగో రోజుకు ఆయాసం తగ్గింది. ఆ మధ్యాహ్నం జొన్నరొట్టె తెచ్చిన సుభాషిణి, మొదటి ముక్క తల్లి నోట్లో పెట్టి అనరాని మాటలన్నానని ఏడ్చింది. "తెలువకన్నవు బిడ్డా" అంటూ సాయమ్మ ఆమె తల నిమిరింది.

సుభాషిణి తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని, ఆ రోజు ఏం జరిగిందని మెల్లగా అడిగింది. గట్టయ్య కిటికీ అవతలి ఎండను చూస్తూ చెప్పాడు.

"నేను పండుకుంటె సస్తనని బాపురావు నన్ను పండనీయలే. నీ బిడ్డ పేరేంది గట్టయ్యా అని మల్ల మల్ల అడిగిండు. ఆయన గొంతు ఆగినంక గూడ నేను నీ పేరే చెప్పుకుంట ఉన్న."

ఆ మాట సాయమ్మకూ కొత్తే. తండ్రీ కూతుళ్లు చెయ్యి చెయ్యి పట్టుకుని మాట్లాడుకుంటుంటే వింటూ, బెంచీ మీద ఒరిగింది. ఎన్నేళ్ల నిద్రో... హాయిగా కన్నంటుకుంది.