రెండు బీల సమీకరణం

శుక్రవారం మధ్యాహ్నం బెల్లు కొట్టే వేళకి కబురొచ్చింది. సరళరేఖల మీద లెక్కల టీచర్లిద్దరూ కలిసి రాసిన పాఠాన్ని కొత్త పాఠ్యపుస్తకంలోకి తీసుకున్నారట. స్టాఫ్‌రూమంతా చప్పట్లు.

ఆ కబురు చివర చిన్న మెలిక ఉంది. మొదటి సగంలో y = mx + c అనీ, రెండో సగంలో y = mx + b అనీ రాశారు, ఏదో ఒక అక్షరానికి కట్టుబడి సోమవారంలోగా పంపండి, లేదంటే పాఠం పక్కన పెట్టేస్తాం అన్నారు.

చప్పట్లు ఆగిపోయాయి. ఆ గొడవ అందరికీ తెలిసిందే. గీత నిలువు అక్షాన్ని ఎక్కడ తాకుతుందో చెప్పే ఆ ఒక్క సంఖ్యకి అతను పెట్టే పేరు సీ, ఆమె పెట్టే పేరు బీ. పిల్లలు ఎప్పుడో సీ సారు, బీ టీచరు అని పేర్లు పెట్టేశారు. రెండేళ్లుగా ఒకే బల్లకి చెరోపక్క కూర్చుని, ఆ అక్షరం దగ్గర మాత్రం ఉప్పూ నిప్పూ.

బీ టీచరుకి ఆ అక్షరం వాళ్ల నాన్న దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పినది. అయినా ఆ సాయంత్రం ఇంటికెళ్లి తన సగంలోని బీలన్నిటినీ ఒక్కొక్కటే సీలు చేసింది. పాఠం పోతే ఆ బల్ల దగ్గర అతనితో కలిసి చేసే పనీ పోతుంది. అక్షరం పోతే పోయింది. ఈ మాట అతనికి చెప్పడానికే రెండేళ్లుగా నోరు పెగల్లేదు.

శనివారం పొద్దున రెండు సగాలూ పక్కపక్కన పెట్టారు. ఆమె సగం నిండా సీలు. అతని సగంలో మందుకి కూడా సీ లేదు, అన్నీ బీలే. కథ మళ్లీ మొదటికొచ్చింది.

మూడో పేజీలో ఆమె వేలు ఆగింది. ax + by + b = 0.

"ఇదేంటండీ, ఒకే సమీకరణంలో రెండు బీలు?"

సీ కనపడ్డ చోటల్లా బీ చెయ్యమని కంప్యూటర్‌కి చెప్పి పడుకున్నానని నసిగాడతను. పిల్లలెవరైనా అలా రాస్తే గుండుసున్నా వేసే మనిషి. ఆమెకి నవ్వాగలేదు. కిటికీ అవతల చినుకులు కూడా అప్పుడే మొదలయ్యాయి.

నవ్వు తగ్గాక నెమ్మదిగా అంది. "ఏ అక్షరం వాడినా తప్పులేదు, అది దేనికి గుర్తో ముందు చెప్పాలి అంటారుగా క్లాసులో. మీరు మార్చారు. ఎందుకో చెప్పలేదు."

అతను చాక్‌పీసు ముక్కని వేళ్ల మధ్య తిప్పాడు. "మీరంటే నాకిష్టం. అందుకు." ముక్కని బల్ల మీద పెట్టి, "మరి మీరెందుకు మార్చారు?"

"అదే జవాబు. కాపీ కొట్టాననుకోకండి, నేను నిన్న సాయంత్రమే రాశాను."

పాఠంలో ఏ అక్షరం ఉండాలో మాత్రం తేలలేదు.

"రేపు పదింటికి మా ఇంటికి రండి," అంది ఆమె కాగితాలు సర్దుతూ. "బీని ఎందుకొదిలేశావని నాన్న మొదట నన్నడుగుతారు. నేను మీ వైపు చూస్తాను. అక్కణ్ణుంచి మీరే చెప్పాలి."