సేవ్యా వేలికొస

రామనర్సయ్య సారు తన చిటికెన వేలిని సుకన్య మోచేతికి ఇట్టే ఆనించి తీసేశాడు. ఆమె నడుముకున్న బెల్టు మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. గోడ మీది తెరపై 'ఏడో నంబరు నాలుగో నంబరును తాకింది' అని అక్షరాలు పడ్డాయి.

"ఇంకా మెల్లగా తాకండి సార్. తాకినట్టు ఆమెకు కూడా తెలియకూడదు" అంది డాక్టర్ వకుళ.

సారు ఊపిరి బిగబట్టి ఆమె జెర్సీ అంచును వేలితో అలా రాశాడు. సుకన్యకు ఏమీ తెలియలేదు. దీపం మాత్రం మళ్ళీ వెలిగింది.

ఆ రోజు హనుమకొండలోని ఆ ప్రయోగశాలకు వచ్చిన ఇరవైమందీ కబడ్డీ అభిమానులు. కొత్త సీజన్ నుంచి ఎవరు ఎవరిని తాకారో యంత్రమే తేల్చబోతోంది. దాన్ని ముందు జనం నమ్మాలని తెలుగు నేల కబడ్డీ లీగ్ వాళ్ళు ఈ ఏర్పాటు చేశారు. యంత్రం పేరు స్పర్శిని. దాన్ని తయారు చేయడానికి వకుళకు ఎనిమిదేళ్ళు పట్టింది.

"ఒంట్ల కరెంటు పారితే షాక్ కొట్టదా మేడమ్?" అని అడిగింది సుకన్య. ఆమె ఆర్టీసీలో కండక్టరు. రామనర్సయ్య సారు ఆమెకు బడిలో ఆటలు నేర్పిన పీఈటీ. రిటైరై పదేళ్ళయింది. ఓరుగల్లు జట్టు ఆడే ప్రతి మ్యాచ్‌కీ ఇద్దరూ పక్కపక్క సీట్లలో కూర్చుంటారు, మ్యాచ్ అయ్యేదాకా వాదించుకుంటారు.

"మీ చేతి గడియారంలో ఉండేదానిలో వెయ్యో వంతు కూడా ఉండదమ్మా" అంది వకుళ. "ప్రతి బెల్టూ తనను కట్టుకున్న మనిషి ఒంట్లోకి సన్నని సిగ్నల్ ఒకటి వదులుతుంది. ఒక్కొక్కరికి ఒక్కో రకం. ఇద్దరి ఒళ్ళు తగిలితే ఒకరి సిగ్నల్ ఇంకొకరిలోకి పాకుతుంది. అవతలి బెల్టు దాన్ని పట్టుకుంటుంది. జెర్సీలో వెండి పూత దారాలు ఉన్నాయి కాబట్టి బట్టకు తగిలినా చర్మానికి తగిలినట్టే."

"మరి మనిషి అబద్ధమాడితే?" అన్నాడు సారు.

"మనిషి చెప్పేది దీనికి వినపడదు సార్."

సారు తృప్తిగా తల ఊపాడు. "అయితే ఇగ సేవ్యా పని అయిపోయినట్టే."

"ఎవరి పని అయిపోతదో చూద్దాం సార్" అంది సుకన్య, బెల్టు విప్పుతూ.

బానోతు సేవ్యా ఓరుగల్లు జట్టు రైడర్. మహబూబాబాద్ పక్క తండాలో పుట్టాడు. అప్పటికి ముప్ఫై ఒక్కేళ్ళవాడు. కబడ్డీలో రైడర్ పని అందరికీ తెలిసిందే. ఒక్క ఊపిరిలో కూత పెడుతూ ఎదుటి వాళ్ళ భూమిలోకి వెళ్ళాలి, దొరక్కుండా ఎవరినైనా తాకి మధ్యగీత దాటి రావాలి. ఎందరిని తాకితే అన్ని పాయింట్లు. మిగతా రైడర్లు కాలితోనో చేత్తోనో కొట్టినట్టు తాకేవాళ్ళు. సేవ్యా అలా కాదు. ఒళ్ళు ఒకవైపు పోతుంటే చెయ్యి ఇంకోవైపు సాగేది. వేలికొస ఎదుటివాడి జెర్సీనో మోకాలినో రాసి వచ్చేది. గీత దాటగానే ఎందరిని తాకాడో అన్ని వేళ్ళు చూపించేవాడు. అంపైర్లకు కనిపించేది కాదు. చాలాసార్లు కెమెరాలకూ కనిపించేది కాదు. కొందరు అంపైర్లు పాయింట్లు ఇచ్చేవాళ్ళు, కొందరు ఇచ్చేవాళ్ళు కాదు.

ఆరేళ్ళ కింద సెమీఫైనల్‌లో ఆఖరి రైడ్ నుంచి వచ్చి రెండు వేళ్ళు చూపించాడు. అంపైర్లు ముగ్గురూ మాట్లాడుకుని ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. ఓరుగల్లు ఒక్క పాయింటుతో ఓడింది. ఆనాటి నుంచి వరంగల్ రెండు ముక్కలైంది. అంపైర్లు అన్యాయం చేశారని సగం ఊరు, సేవ్యా వేళ్ళు చూపించి మోసం చేసే మనిషని సగం ఊరు. బస్సుల్లో, టిఫిన్ సెంటర్లలో, పెళ్ళి భోజనాల దగ్గర ఇదే గొడవ. సేవ్యా మాత్రం ఎవరితోనూ వాదించలేదు. అడిగినవాళ్ళకు "ముట్టిన" అని ఒక్క మాట చెప్పేవాడు.

బెల్టులు వచ్చాయి. సీజన్ మొదలైంది. మొదటి మ్యాచ్‌లో సేవ్యా ఏడుసార్లు వేళ్ళు చూపించాడు. ఏడుసార్లూ బెల్టు అదే చెప్పింది. ఫైనల్ వచ్చేసరికి ఆ లెక్క ఎనభై మూడుకు చేరింది. ఎనభై మూడుసార్లూ ఒక్క తేడా లేదు. పత్రికలు ఆ వేళ్ళను దగ్గరగా ఫొటోలు తీసి వేశాయి. సుకన్య తన టికెట్ మిషన్‌కు సేవ్యా బొమ్మ అంటించుకుంది.

"ఇప్పుడేమంటరు సార్?"

"బెల్టుందని ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడుతున్నడు. ఆరేండ్ల కింద బెల్టు లేకపాయె గదా" అన్నాడు సారు. అన్నాడేగానీ గొంతులో మునుపటి పట్టు లేదు.

ఫైనల్ నెల్లూరు జట్టుతో. ఆగస్టు నెల. వాన కురిసి వెలిసిన సాయంత్రం కావడంతో ఇండోర్ స్టేడియం లోపల ఉక్కపోతగా ఉంది. ఆటగాళ్ళ చెమట మ్యాట్ మీద కారుతుంటే మాటిమాటికీ ఆట ఆపి తుడుస్తున్నారు. ముప్ఫై ఒకటి, ముప్ఫై ఒకటి దగ్గర ఆఖరి రైడ్ సేవ్యాకు వచ్చింది. ఒక్క పాయింటు తెస్తే పదమూడేళ్ళలో ఓరుగల్లుకు మొదటి కప్పు. తేకపోతే అదనపు సమయం ఆడాలి.

సేవ్యా కూత పెట్టి వెళ్ళాడు. నెల్లూరు కుడి మూలలో పెంచల ప్రసాద్ ఉన్నాడు. లీగ్‌లో అతనికి దొరికితే విడిపించుకున్నవాళ్ళు లేరు. సేవ్యా ఎడమకు కదిలినట్టు కదిలి కుడి చెయ్యి సాచాడు. ప్రసాద్ వెన్ను వంచి వెనక్కి జారాడు. కూత ఆగిపోయేలోపు సేవ్యా గీత దాటాడు. ప్రసాద్ నడుం మీద ఆకుపచ్చ దీపం వెలిగింది.

స్టేడియం మొత్తం లేచింది. జట్టువాళ్ళు సేవ్యాను ఎత్తుకోబోయారు. అతను వాళ్ళను పక్కకు తోసి రిఫరీ దగ్గరికి నడిచాడు.

"నేను ముట్టలే సార్" అన్నాడు.

రిఫరీ అర్థం కానట్టు చూశాడు. "దీపం వెలిగింది."

"వెలిగింది. కానీ నేను ముట్టలే. అందలేదు."

రిఫరీ ప్రసాద్‌ను పిలిచి అడిగాడు. "ఏమో సార్, తగిలినట్టే ఉండాది, తగల్లేదేమో కూడా. చెమటలో నాకేం తెలీలేదు" అన్నాడు ప్రసాద్ నిజాయితీగా.

రూలు పుస్తకంలో ఒక్క ముక్కే ఉంది. బెల్టు చెప్పిందే తుది మాట, ఆటగాడి మాట లెక్కలోకి రాదు. కప్పు ఓరుగల్లుకు ఇచ్చారు. ఫొటో దిగేటప్పుడు సేవ్యా వెనక వరసలో నిలబడ్డాడు. కప్పు పట్టుకోలేదు.

మర్నాటికి ఊరు మళ్ళీ రెండు ముక్కలైంది. ఈసారి మనుషులు అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు అయ్యారు.

"ఎనిమిది లక్షలమంది టీవీల చూస్తుంటే మంచోడు అనిపించుకునుడు తప్ప ఏమున్నది అండ్ల?" అంది సుకన్య. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆరేండ్ల సంది ఆయన కోసం బస్సుల అందరితోటి కొట్లాడిన. కప్పు చేతికొస్తే మాకు వద్దంటడా? మిషన్ అబద్ధమాడతదా సార్?"

"ముప్ఫై ఐదేండ్లు పిల్లలకు ఆట నేర్పిన సుకన్యా" అన్నాడు రామనర్సయ్య సారు. "గెలిచినంక నేను ముట్టలే అన్నోన్ని ఒక్కన్ని సూడలే. నేనే ఆయనను తప్పుగ అనుకున్న."

అదే రోజు సేవ్యా ఒక్కడే వకుళ ప్రయోగశాలకు వచ్చాడు.

"నాలుగు లక్షల పరీక్షలు చేశాం సేవ్యా గారూ. ఒక్కటీ తప్పు రాలేదు" అంది వకుళ.

"మీ లెక్కలు నాకు తెల్వయి మేడమ్. మీరు చదువుకున్నోళ్ళు. గాలికీ మనిషికీ తేడా నా వేలికి తెలుస్తది. నిన్న నా వేలికి గాలే తగిలింది."

వకుళకు కోపం రాలేదు. నాలుగు లక్షల పరీక్షలూ ఏసీ గదిలో, పొడి గాలిలో చేసినవేనని ఆమెకు ఆ క్షణంలో గుర్తొచ్చింది. ఆ సంగతి అతనికి చెప్పేసింది. "రేపు రండి. మళ్ళీ చూద్దాం" అంది.

మర్నాడు ఇద్దరూ బెల్టులు కట్టుకున్నాక వకుళ తన చేతినే ఒక చట్రంలో బిగించుకుంది. సేవ్యా కళ్ళకు గంతలు కట్టింది. స్క్రూ తిప్పితే ఆమె మోచెయ్యి అతని వేలికేసి వెంట్రుక మందంలో పదో వంతు చొప్పున జరుగుతుంది. తాకిందో లేదో పక్కనుంచి మైక్రోస్కోపు కెమెరా చూస్తుంది. పొడి గాలిలో బెల్టూ సేవ్యా ఒకే మాట చెప్పారు. తర్వాత ఆమె గదిని ఫైనల్ నాటి సాయంత్రంలా తేమతో నింపింది. సేవ్యాను మెట్లెక్కించి దించి చెమట పట్టేదాకా పరుగెత్తించింది. ఇప్పుడు వేలికీ మోచేతికీ మధ్య సన్నని సందు ఉండగానే బెల్టు వెలగడం మొదలుపెట్టింది. చెమట ఆవిరి మీదుగా సిగ్నల్ దూకుతోంది.

"ముట్టలే" అన్నాడు సేవ్యా. కెమెరా కూడా అదే చూపించింది.

పన్నెండు రోజుల్లో మూడు వందలసార్లు చేశారు. సేవ్యా ఒక్కసారే తప్పు చెప్పాడు. అప్పుడతనికి తుమ్ము వచ్చింది. చర్మానికి, బట్టకు, తడి బట్టకు వేరువేరుగా తాకుడు ఎలా ఉంటుందో అతను చెబుతుంటే వకుళ నోటుబుక్కులో రాసుకుంది. ఎనిమిదేళ్ళుగా తను వెతుకుతున్న యంత్రం ఎదురుగా కుర్చీలో కూర్చుని టీ తాగుతోందని ఆమెకు అనిపించింది.

వకుళ పత్రికల వాళ్ళను పిలిచి, ఫైనల్‌లో స్పర్శిని పొరబడిందని, సేవ్యా చెప్పిందే నిజమని తనే ప్రకటించింది. యంత్రం పేరు పోతుందని సహచరులు ఆపబోయారు. "పోతే పోనీ. ఆయన తన కప్పునే వద్దన్నాడు" అంది.

లీగ్ పెద్దలు కప్పు వెనక్కి తీసుకోలేదు. ఒక్క తీర్పు మారిస్తే ఆ సీజన్ తీర్పులన్నీ తిరగదోడాలని భయపడ్డారు. కానీ వచ్చే ఏడాదికి యంత్రాన్ని సరిచేయమన్నారు. సరిచేయడానికి ఒకటే దారి కనిపించింది. ఆ రోజు గాలిని బట్టి, ఆ ఆటగాడి ఒంటిని బట్టి ప్రతి బెల్టునూ మ్యాచ్‌కు ముందు సెట్ చేయాలి. మైక్రోస్కోపుతో చేస్తే ఒక్కో మనిషికి ఒక పూట పడుతుంది. సేవ్యా వేలు ఆనించి ముట్టిందీ ముట్టనిదీ చెబుతుంటే రెండు నిమిషాలు చాలు. ఇంకో నలభైమంది ఆటగాళ్ళను పరీక్షించారు. ఒక్కరికీ ఆ స్పర్శ లేదు.

ఈ మాట చెప్పడానికి వకుళే తండాకు వెళ్ళింది. మధ్యాహ్నం వేళ. సేవ్యా ఇంటి ముందు మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"మీరు ఒప్పుకుంటే లీగ్‌లోని అన్ని మ్యాచ్‌లకూ మీరే బెల్టులు సెట్ చేసి పెట్టాలి" అంది వకుళ. "అయితే బెల్టులు పెట్టే మనిషి ఆడకూడదు. ఏ జట్టులోనూ ఉండకూడదు."

"నేను రానంటే?"

"బెల్టులు తీసేస్తారు. మళ్ళీ కెమెరాలు, అంపైర్లు."

సేవ్యా తన కుడి చేతిని చూసుకున్నాడు. "ఇంకో మూడేండ్లు ఆడుదునేమో మేడమ్. మోకాలు బాగనే ఉన్నది."

"తెలుసు. అందుకే ఇది అడగాలంటే నాకు కష్టంగా ఉంది. మీరు కాదన్నా నేనేమీ అనుకోను."

మర్నాడు సేవ్యా ఫోన్ చేశాడు. "ఆరేండ్ల కింద నేను ఇద్దరిని ముట్టిన. ఎవ్వలు నమ్మలే. మా అమ్మ గూడ ఒకసారి, నిజంగనే ముట్టినవా బిడ్డా అని అడిగింది. గసొంటి మాట ఇంకొకరు పడొద్దు. వస్త మేడమ్."

కొత్త సీజన్ మొదటి మ్యాచ్ ఓరుగల్లుకూ నెల్లూరుకూ పడింది. మైకులో "నేటి బెల్టులు పెట్టినవారు బానోతు సేవ్యా" అనగానే స్టేడియం మొత్తం లేచి నిలబడింది. నెల్లూరు నుంచి వచ్చినవాళ్ళు కూడా లేచారు. సేవ్యా విషయంలో వరంగల్ ఒక్క మాట మీదకు రావడం అదే మొదటిసారి. రామనర్సయ్య సారు అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టాడు. సుకన్య కొట్టలేకపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూ నిలబడింది.

ఆఖరి రైడ్‌లో ఓరుగల్లు కొత్త రైడర్ వచ్చి ఒక వేలు చూపించాడు. దీపం వెలగలేదు. ఒక్క పాయింటుతో ఓరుగల్లు ఓడింది. ఎవరూ అరవలేదు, ఎవరూ అంపైరును తిట్టలేదు. బెల్టు పెట్టింది సేవ్యా కదా.

"వీని ప్లేసుల ఆయన ఉంటే ముట్టి వచ్చేటోడు" అంది సుకన్య.

"వచ్చేటోడు" అన్నాడు సారు.

కింద మ్యాట్ పక్కన సేవ్యా బల్ల ముందు నిలబడి ఉన్నాడు. ఆటగాళ్ళు ఒక్కొక్కరే బెల్టు విప్పి ట్రేలో పెట్టి పోతున్నారు. సెట్ చేశాక, మ్యాచ్ ముగిసి లెక్కలు లాక్ అయ్యేవరకు అతను ఏ ఆటగాణ్ణీ తాకకూడదు. తాకితే అతని నడుముకున్న బెల్టు సిగ్నల్ వాళ్ళ బెల్టుల్లో కలిసి లెక్క చెడుతుంది. ఇంకా బెల్టు విప్పని పెంచల ప్రసాద్ ఆ సంగతి మరిచిపోయి "బాగుండావా అన్నా" అంటూ నవ్వుతూ చెయ్యి చాచాడు.

సేవ్యా ఒక అడుగు వెనక్కి వేసి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు.