జ్ఞానమ్మగారి సిలువ గుండు

"ఎల్లుండి ప్రభాకరరావుని దేశద్రోహి కింద బోనెక్కిస్తారు. ఉరి పడినా ఆశ్చర్యం లేదు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ సుందరరావు తన ప్రశ్నని చివరికి దాచుకున్నాడు. బ్రీఫింగ్‌లో అడ్డుపడితే చీఫ్‌కి ఒళ్లు మండుతుంది.

"మన రాడార్ స్టేషన్ ప్లాన్‌ని ఎవడో ఫొటో తీశాడు. బీరువా తాళాలు ఇంజనీరు ప్రభాకరరావువి కాబట్టి అతన్ని పట్టుకున్నారు. ఫిల్ము మాత్రం దొరకలేదు. ఇప్పుడిది చూడు."

పేపర్ కటింగ్. పాత ఫ్రీమేసన్ నగలు మంచి ధరకు కొంటామని ప్రకటన.

"ఫ్రీమేసన్లంటే తెల్లదొరల కాలంనాటి సోదర సంఘం. ప్రభాకరరావు తండ్రి, పోయిన జ్ఞానప్రకాశంగారు అందులో మెంబరు. ఆయన వాచీ గొలుసుకుండే బంగారు గుండుని కొడుకు తాళాల గుత్తికి తగిలించుకుని రోజూ ఆఫీసుకి వెళ్లేవాడు. అరెస్టయ్యాక దాన్ని కొత్తపేటలో తల్లి జ్ఞానమ్మగారికి అప్పజెప్పారు."

"ఫిల్ము దాన్లో దాచి గేటు దాటించారన్నమాట. ఇప్పుడు కొనే వంకతో కాజేయాలని చూస్తున్నారు."

"అంతే. ఫిల్ము దొరికితే ఏ కెమెరాతో తీశారో ల్యాబ్ చెప్పేస్తుంది, కుర్రాడు బయటపడతాడు. తేలేకపోతే గుండునే గోదాట్లో కలిపెయ్. విదేశీ ముఠా చేతికి పోకపోతే చాలు. పోలీసులని తెలిస్తే ముఠా జారుకుంటుంది, వేషం మార్చుకుని వెళ్లు. తోడుగా సూర్యావతి వస్తుంది."

"మరి కుర్రాడు, సార్?"

చీఫ్ పైపు వెలిగించుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పెట్టుడు మీసం, బంగారు ఫ్రేము కళ్లద్దాలతో పాత నగలకి వెలకట్టే మద్రాసు వాల్యూయర్ వేషంలో సుందరరావు కొత్తపేటలో కారు దిగాడు. పక్కన సెక్రటరీ వేషంలో సూర్యావతి. నల్ల కళ్లద్దాలు, షిఫాన్ చీర. ఆమె నవ్వితే శత్రు దేశపు రాయబారి కూడా రహస్య కోడ్ చెప్పేస్తాడని డిపార్ట్‌మెంట్‌లో ప్రతీతి.

జ్ఞానమ్మగారు గుండు తెచ్చి బల్ల మీద పెట్టింది. డ్రైవర్‌తో మాట్లాడొస్తానని సూర్యావతి బయటికి వెళ్లింది. సుందరరావు మీట నొక్కగానే గుండు విచ్చుకుని సిలువయింది. పైన బంగారం, లోపల వెండి. ఫిల్ము ఏ పలక కింద దాచారో పైకి తెలియడం లేదు. పలకల మీద కంపాసు, మూలమట్టం, తక్కిన ఫ్రీమేసన్ గుర్తులు. అన్నీ అరిగిపోయి ఉన్నాయి.

"ఇక్కడ లంగరు ముద్ర ఉండాలండి. బర్మింగ్‌హామ్ సరుకని గుర్తు. ఏమైపోయింది?"

"ఏటా ఈస్టరు ముందు చింతపండూ బూడిదా పెట్టి తోముతానండి. సిలువ నల్లగా ఉంటే బాగుంటుందా చెప్పండి."

"అయ్యయ్యో. ఇలాంటి పాత నగ తోమితే వెల సగానికి పడిపోతుందమ్మా. ఆ నలుపుకే డబ్బిస్తారు."

"నలుపుకి డబ్బా? చోద్యం కాకపోతే."

సూర్యావతి లోపలికొచ్చింది. "ఏదీ, నన్నూ చూడనివ్వండి," అని గుండు అందుకుంది. వెలుతురు కోసమన్నట్టు కిటికీ వైపు తిరిగి, తిరిగిచ్చేసి, "భూతద్దం కారులో మర్చిపోయాను," అంటూ వెళ్లింది.

సుందరరావు మళ్లీ నొక్కాడు. కంపాసు కాళ్లు సూదుల్లా ఉన్నాయి. లంగరు ముద్ర నిన్న కొట్టినట్టుంది. ఈ వెండి చింతపండు మొహం ఎరగదు. ముఠాకి అమ్ముడుపోయి, నకిలీ గుండు ముందే చేయించుకుని వచ్చిందన్నమాట, మాయలాడి. వీధిలో కారు స్టార్టయి ముక్తేశ్వరం రేవు దారి పట్టింది.

పరుగున బయటికొచ్చి, వస్తున్న కొబ్బరికాయల లారీకి అడ్డం నిలబడ్డాడు.

"పోలీసు పని. ముక్తేశ్వరం రేవుకి పోనివ్వు."

"ఆయ్, ఎక్కండి," అన్నాడు డ్రైవర్ కొండబాబు. "కాయల మీదొద్దండి, ముందు కూర్చోండి."

రేవు చేరేసరికి గోదావరి దాటించే పంటు తాడు విప్పేశారు. అవతల కోటిపల్లి ఒడ్డున ఒక దొర తెల్లకారుకి ఆనుకుని ఎదురుచూస్తున్నాడు. సుందరరావు గెంతాడు. ఒక కాలు నీళ్లలో, ఒక కాలు పంటు మీద పడింది.

రెయిలింగ్ దగ్గర సూర్యావతి చెయ్యి గోదావరి మీదికి చాపింది. చేతిలో గుండు.

"అక్కడే ఆగు. అడుగేస్తే ఇది నీళ్లలో పడుతుంది. ఇక ప్రభాకరరావుని దేవుడే కాపాడాలి."

పడెయ్ అంటే చాలు, ఆర్డర్ నెరవేరినట్టే. ఆ ఆర్డర్ మీద అతనికి అసహ్యం పుట్టింది. ఆ తల్లికి మొహం ఎలా చూపించడం? పైకి మాత్రం నవ్వాడు.

"పడెయ్ సూర్యావతీ. నీ చేతిలో ఉన్నది మా నకిలీ. నువ్వు మార్చకముందే నేను మార్చేశాను. అసలు దానికి లంగరు ముద్ర ఉంటుంది. నీ దానికుందేమో చూసుకో."

ఆమె కూడా ఫ్రీమేసన్ నగల గురించి చదువుకునే వచ్చింది. చెయ్యి లోపలికి లాక్కుని మీట నొక్కింది. ముద్ర లేదు. మొహం పాలిపోయింది. అంతే, సుందరరావు మణికట్టు పట్టుకున్నాడు. విచ్చుకున్న గుండు చేజారి, చెక్కల మీద గెంతుకుంటూ పోయింది. సుందరరావు బోర్లా పడి, అది ఇక నీళ్లలో పడబోతుండగా అరచేత్తో అదిమేశాడు.

"అసలుదే," అన్నాడు బేడీలు వేస్తూ.

"మరి ముద్ర ఏమైంది?"

"ఏటా చింతపండుతో తోముతారు. నువ్వు బయటికెళ్లినప్పుడు చెప్పేరావిడ."

వెండి పలక కింద దొరికిన ఫిల్ము ఎవరి కెమెరాదో ల్యాబ్ తేల్చేసింది. కోర్టు రోజున బోనెక్కింది ప్రభాకరరావు కాదు, ఆ కెమెరా సొంతదారు, అతని పై అధికారి. ఆ సాయంత్రమే సుందరరావు ఇంజనీరుని వెంటబెట్టుకుని కొత్తపేట వెళ్లాడు. జ్ఞానమ్మగారు కొడుకు మొహం రెండు చేతులా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత ఇటు తిరిగింది.

"మీసం తీసేసేరేం బాబూ?"

"అది వేషమండి. మిమ్మల్ని మోసం చేశాను."

"బేరగాడు కాదని నిన్ననే తెలుసండి. బేరగాడైతే నగ వంక చూస్తాడు. మీరు వస్తూనే గోడ మీది మావాడి ఫొటో వంక చూసేరు."

"తెలిసీ గుండు నా చేతిలో ఎందుకు పెట్టేరండి?"

"వీణ్ణి పట్టుకెళ్లిన కాణ్ణించీ మా గుమ్మం ఎవరూ తొక్కలేదు. దొంగో దొరో, మావాడి మొహం చూసిన మనిషి ఒకరొచ్చేరు కదా అనుకున్నాను. కాళ్లు కడుక్కోండి, అన్నం పెడతాను."

సుందరరావు రిపోర్టులో అన్నీ రాశాడు. తన వేషం గుమ్మంలోనే బయటపడిపోయిన సంగతి మాత్రం దేశ భద్రత దృష్ట్యా వదిలేశాడు.