గూడెం షెడ్డులో మా ఫియట్

"ఆ కారు జోలికి వెళ్ళావంటే మన కొంప మునుగుతుంది నిరంజన్. ముందే చెబుతున్నాను."

"అమ్మా, నేనింకా మొహం కూడా కడుక్కోలేదు," అన్నాడు మా వాడు.

కడుక్కోకపోతేనేం. పొద్దున్నే లేచి, బ్రష్షు నోట్లో పెట్టుకుని పాకలో ఉన్న కారు చుట్టూ తిరుగుతున్నాడంటే, వాడి బుర్రలో ఏదో తిరుగుతోందని నాకు తెలీదూ.

ఆ కారు వాళ్ళ నాన్నది. మా ఆయన బాలస్వామి మిషను ఆసుపత్రిలో డ్రైవరుగా చేసేవారు. డాక్టరు దొరసాని గారు తన దేశం వెళ్ళిపోతూ, తను ఎక్కిన ఫియట్ కారుని ఆయనకే చవగ్గా ఇచ్చి వెళ్ళారు. ఆయన ఉన్నన్నాళ్ళూ మా పెదపాడు చుట్టుపక్కల ఏ పెళ్ళికొడుకైనా ఆ కారులోనే ఊరేగేవాడు. ఆయన పోయాక అది పాకలో ఉండిపోయింది. వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టేవి. తలుపు తీద్దామని లాగితే తలుపే చేతికొచ్చేది.

"ఇప్పుడు పెళ్ళిళ్ళకి పాత కార్లే అడుగుతున్నారమ్మా. రెండు సీజన్లు తిప్పితే పెట్టిన డబ్బు వచ్చేస్తుంది."

"రాకపోతే?"

"నాన్న కారు రోడ్డెక్కుతుంది కదా."

రోడ్డెక్కితే చూడాలని నాకూ ఉంది. కానీ ఆ డబ్బు ఇంటి మీద స్లాబు వేయించుకుందామని దాచింది. వాడు చేపల మేత కంపెనీలో పనిచేస్తూ, ఎండనక వాననక చెరువు గట్ల మీద బండేసుకుని తిరిగి కూడబెట్టింది. వానొస్తే మా పెంకుటింట్లో గిన్నెలన్నీ నేల మీదే ఉంటాయి.

ఏలూరులో మెకానిక్కులు చూసి, తుక్కుకి అమ్మెయ్యమన్నారు. ఒకాయన మాత్రం, "పాత ఫియట్లంటే గూడెంలో అహరోను గారేనండీ," అన్నాడు. తాడేపల్లిగూడెం అంటే మాకు దగ్గరా ఏంటి. ఐసు దింపేసి ఖాళీగా వెళ్తున్న లారీ మీదకి కారెక్కించాం. నేనూ ఎక్కాను. వాణ్ణొక్కణ్ణే పంపితే ఎవరైనా నున్నగా గొరిగి పంపిస్తారని నా భయం.

షెడ్డులో కారు దింపగానే ఒక అమ్మాయి వచ్చింది. చున్నీ నడుముకి బిగించి కట్టింది. చేతిలో చిన్న సుత్తి, సుద్దముక్క. కారు ఒళ్ళంతా టక్ టక్ మని కొట్టి చూడటం, చప్పుడు నచ్చనిచోట సుద్దతో గుండ్రంగా సున్నా చుట్టడం. కాసేపటికి కారు నిండా సున్నాలే.

మా వాడికి ఒళ్ళు మండింది. "ఏవండీ, మేం దీన్ని బాగు చేయించుకుందామని తెచ్చాం. ముగ్గులు పెట్టించుకుందామని కాదు."

"సున్నా ఉన్నచోటల్లా తుప్పండీ. ముగ్గు నేను పెట్టలేదు. మీరే పెట్టించుకొచ్చారు."

"మెకానిక్కు గారు లేరా?"

"రేకు కొట్టేది మా నాన్నగారు. ఎంతవుతుందో చెప్పేది నేను. డిప్లమో ఆటోమొబైల్. పేరు స్నేహలత. ఇంకేమైనా కావాలా?"

"ఎంతవుతుందో చెబితే చాలండీ."

"లక్షా నలభై వేలు."

నేను అక్కడున్న టైరు మీద కూర్చుండిపోయాను. మా స్లాబు కళ్ళ ముందే గాల్లో ఎగిరిపోయింది.

"ఆ డబ్బుకి మంచి సెకండ్‌హ్యాండ్ మారుతీ వస్తుంది," అన్నాడు నిరంజన్.

"వస్తుందండీ. అదే కొనుక్కోండి, మీకే మంచిది." ఆ అమ్మాయి సుద్ద పక్కన పెట్టేసింది. "లేదా పుట్టీ పెట్టి, పైన రంగేసి నలభైకి ఇచ్చేవాళ్ళున్నారు. రెండు వానలు పడితే ఆ పుట్టీ ఊడి మీ కాళ్ళ మీదే పడుతుంది. ఆ పని మేం చెయ్యం."

"సగం ధరకి రాదా?"

"పైన ఉన్నది కనబడే తుప్పు. అడుగు రేకు సంగతి ఇంకా చూడలేదు. పైనే ఇలా ఉంటే అడుగు మొత్తం పోయే ఉంటుంది. అది కోసేసి కొత్త రేకు కొట్టాలి. సగం ఖర్చు అక్కడే. మూడు నెలలు పడుతుంది."

"పద నాన్నా, వెళ్ళిపోదాం," అన్నాను నేను. కానీ వాళ్ళ నాన్న అహరోను గారు అప్పటికే జాకీ పెట్టి కారు పైకి లేపుతున్నారు. "వచ్చిన లారీ వెళ్ళిపోయింది కదమ్మా. చూసి చెబుతాం, చూడ్డానికి డబ్బులేం తీసుకోం," అన్నారు మెత్తగా.

ఆ అమ్మాయి కిందకి వంగి చూసింది. మొహం మాడ్చుకుని లేచింది.

"అడుగంతా నల్లగా అట్టకట్టేసిందండీ. తారు. లోపల కన్నాలు కనబడకుండా ఎవడో షెడ్డువాడు పూసేశాడు. వాడి పేరు చెప్పండి, ఒకసారి వాడితో మాట్లాడతాను."

మా వాడు నా వంక చూశాడు. చివరికి నేనే అన్నాను. "మా ఆయనమ్మా."

ఆ పిల్ల నాలిక్కరుచుకుంది.

"మా నాన్నది కొల్లేటి ఒడ్డున ఊరండీ," అన్నాడు నిరంజన్. "అక్కడ ఏటా వేసవిలో చెక్క దోనెలు బోర్లించి తారు కాచి పూస్తారు, నీళ్ళు పట్టకుండా. మా పెదనాన్న దోనెకి పూశాక మిగిలిన తారు పారెయ్యడం ఎందుకని నాన్న కారుక్కూడా పూసేవారు. ప్రతి ఏడూ."

"కారుకి దోనెకిలా తారు పూశారా?"

"వానాకాలంలో మా ఊరి రోడ్డు మీరు చూడలేదండీ. చూస్తే మీరూ పూస్తారు."

ఆ అమ్మాయి నవ్వేసింది. పెదాలు బిగబట్టుకుని ఆపుకోబోయి, ఆపుకోలేక నవ్వింది. మా వాడు ఆ నవ్వు వంకే చూస్తూ నిలబడ్డాడు. నేను మాత్రం తారు వంక చూస్తున్నాను. ఆ తారు కింద అసలు రేకే లేదేమో. ఇన్నాళ్ళూ తారు మీదే కూర్చుని తిరిగామేమో. పెళ్ళికొడుకులెవరూ జారి రోడ్డు మీద పడకపోవడం దేవుడి దయ.

అహరోను గారు చిన్న మంట పెట్టి తారుని మెత్తబరిచి గీకారు. ఒక చెయ్యంత మేర తెల్లగా బయటపడింది. సుత్తితో కొట్టారు. ఖంగుమంది. ఇంకోచోట గీకారు. అక్కడా ఖంగుమంది.

"అమ్మాయ్, ఇలా రా," అన్నారాయన. "రేకు నిన్న వేసినట్టుంది."

స్నేహలత పాకుతూ కారు కిందకి వెళ్ళింది. చాలాసేపు లోపల టక్ టక్ మంటూనే ఉంది. బయటికొచ్చేసరికి ముక్కు మీద తారు మచ్చ.

"లెక్క తప్పు చెప్పానండీ," అంది, నా వైపు తిరిగి. "ఒక్క సున్నా కూడా చుట్టక్కర్లేదు కింద. మీవారు పూసిన తారే కాపాడింది. అడుగు పని లేదు కాబట్టి డెబ్బై వేలల్లో అయిపోతుంది."

"స్తోత్రం," అన్నాను. గుండెల మీంచి బండ దింపినట్టయింది. కారు కింద ఏముందో మేము వంగి చూడబోయామా. చెప్పకుండా ఊరుకున్నా మాకు తెలిసేది కాదు. ఈ పిల్ల చెప్పింది. సగం స్లాబు నాకు వెనక్కొచ్చేసింది.

మా వాడి మొహంలో మాత్రం ఆ సంతోషం లేదు.

"అయితే మూడు నెలలు పట్టదన్నమాట," అన్నాడు.

"నెల చాలండీ."

"నెలకే అయిపోతుందా," అన్నాడు, పరీక్ష తప్పినవాడిలా. అప్పుడు నాకు అర్థం కాలేదు. అలిసిపోయాడనుకున్నాను.

నెల దాటింది. వానలు మొదలయ్యాయి. కారు రాలేదు.

ఆదివారం వస్తే చాలు, తెల్లారకుండా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని గూడెం వెళ్ళిపోవడం. మన చర్చిలో ఆరాధన సంగతేంటిరా అంటే, పనుందమ్మా అనడం.

"ఏం పని?"

"హారన్ గొంతు బాలేదమ్మా."

మరో వారం సీటు స్ప్రింగు. ఆ పై వారం వైపరు. డెబ్బై వేలు ఎక్కడిదాకా వెళ్ళిందిరా అంటే, ఇంకా చూడాలమ్మా అంటాడు. అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటూ చెబుతాడు.

నాకు నిద్ర పట్టేది కాదు. మంచిమాటలు చెప్పి పని పట్టుకుని, ఇప్పుడు వారం వారం పిండుతున్నారు. లేకపోతే కారు ఎవరికో అమ్మేశారు, వీడు నాతో చెప్పలేకపోతున్నాడు. లేకపోతే దెందులూరు దగ్గర హైవే మీద వీడే ఎవరినో గుద్దేశాడు, కేసయింది, లాయరు కోసం వెళ్తున్నాడు. అన్నీ ఆలోచించాను. ఆలోచించాల్సింది ఒక్కటే ఆలోచించలేదు.

ఆ ఆదివారం వాడు వెళ్ళిన గంటకి నేనూ ఏలూరు వెళ్ళి పాసింజరెక్కాను. గూడెంలో దిగేసరికి వాన. పమిట నెత్తిన కప్పుకుని షెడ్డు దాకా నడిచాను.

షెడ్డుకి తాళం.

అనుకున్నదంతా అయింది. ఎత్తేశారు. కారుతో సహా ఎత్తేశారు. రేకు చూరు కింద నిలబడి, పోలీసుస్టేషను ఎటు అని ఎవరినడగాలా అని చూస్తున్నాను. రోడ్డు చివర ఒక పెద్ద నల్లగొడుగు కనబడింది. గొడుగు కింద అహరోను గారూ స్నేహలతా. గొడుగు బయట మా వాడు, నిలువునా తడుస్తూ. రెండు బైబిళ్ళు, పాటల పుస్తకం చొక్కా కింద పెట్టుకుని తడవకుండా కాపాడుతున్నాడు.

నన్ను చూసి ఆగిపోయాడు. "అమ్మా, నువ్వేంటి?"

"ఎక్కణ్ణించిరా?"

"చర్చి నుంచండీ," అంది స్నేహలత. "ఆదివారం మేం షెడ్డు తియ్యం. మధ్యాహ్నం నిరంజన్ గారు కారు ట్రయల్‌కి తీసుకెళ్తారు, అంతే."

మా ఊళ్ళో పాస్టరు గారు వాక్యం ఎత్తుకోగానే కునికిపాట్లు పడేవాడు, యాభై కిలోమీటర్లు వచ్చి వింటున్నాడన్నమాట.

తాళం తీశారు. లోపల కారుంది. నేను మొదట అది మాది కాదనుకున్నాను. మీగడ రంగు. తలుపులు తలుపుల్లా ఉన్నాయి. అద్దంలో నా మొహం కనబడింది, వాన కారుతూ. ఆయన ఇప్పుడే దిగి లోపలికి వెళ్ళినట్టుంది.

"అయిపోయిందే ఇది," అన్నాను.

"అయిపోయి చాలా రోజులైందమ్మా," అన్నారు అహరోను గారు, ఫ్లాస్కులో టీ గ్లాసుల్లోకి పోస్తూ.

"అయిపోతే ఈ హారన్లేంటి, వైపర్లేంటి? మా వాడు అమాయకుడని..."

"ఆంటీ, ఆ పనులు మేం చెప్పినవి కాదండీ," అంది స్నేహలత. గొంతు మెత్తగానే ఉంది గానీ బుగ్గలు ఎర్రబడ్డాయి. "వాటికి మేం రూపాయి తీసుకోలేదు. ఆయన్నే అడగండి."

"ఇస్తానంటే వద్దన్నారమ్మా," అన్నాడు మా వాడు నేల చూస్తూ.

రెండోసారి బండ దిగింది. డబ్బెక్కడికీ పోలేదు. "మరి ఇవన్నీ ఎలా పాడయ్యాయి?"

"హారన్ పాడవలేదండీ. వైపరూ పాడవలేదు. ట్రయల్‌కని తీసుకెళ్ళి తెచ్చేసరికి ఏదో ఒక వైరు ఊడి ఉంటుంది. క్రితం వారం వైపరు వైరు మీద కటింగ్ ప్లయరు గాట్లు కూడా ఉన్నాయి."

"ఎవరి ప్లయరు?"

"జేబులో ప్లయరు పెట్టుకుని చర్చికొచ్చేవాళ్ళదండీ."

మా వాడి చెయ్యి దానంతటదే వెనక జేబు మీదకి వెళ్ళింది. అహరోను గారు టీ గ్లాసు అడ్డం పెట్టుకుని దగ్గారు.

"ఒరేయ్," అన్నాను. ఇంకేం అనాలో తెలీలేదు. కేసు లేదు, లాయరు లేడు, ఎవరూ రోడ్డు మీద పడి లేరు. వీడి రోగం ఇదా. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఇంకో భయం పట్టుకుంది. వీడి సంగతి సరే, ఆ పిల్ల మనసులో ఏముందో. బాగా చదువుకుంది. రేపో మాపో ఏ బెజవాడ సంబంధమో కుదిరి ఉంటుంది. వీడు ఇక్కడ వైర్లు పీక్కుంటూ కూర్చుంటే, అక్కడ శుభలేఖలు అచ్చవుతుంటాయి.

తేల్చుకోకపోతే నేను ఇంటికెళ్ళి నిద్రపోలేను.

"వీడికి బుద్ధి లేదు, ఒప్పుకున్నాను," అన్నాను. "నువ్వు తెలివైనదానివి కదమ్మా స్నేహా. వీడే పీకుతున్నాడని మొదటి వారమే కనిపెట్టి ఉంటావు. కనిపెట్టీ, డబ్బు కూడా తీసుకోకుండా, వారం వారం ఎందుకు బాగు చేస్తున్నావు?"

రేకుల మీద వాన దంచుతోంది. అహరోను గారు గ్లాసు నోటి దగ్గరే ఉంచుకుని తాగడం మర్చిపోయారు. మా వాడు మొదటిసారి తలెత్తాడు. స్నేహలత చున్నీ కొంగు తీసి కారు హెడ్‌లైటు తుడవసాగింది. అద్దంలా మెరుస్తున్నదాన్ని ఇంకా తుడుస్తూనే ఉంది. ఒక వైపు అయ్యాక రెండో వైపుకి వెళ్ళింది. అడక్కుండా ఉండాల్సింది, జాలి పడి చేశానంటుంది, అంతే, వీడు మళ్ళీ తేరుకోడు అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. వాన కాస్త తగ్గింది. అయినా ఆ పిల్ల తల ఎత్తలేదు.

చివరికి, హెడ్‌లైటుతో చెబుతున్నట్టుగా అంది.

"పాడవలేదని చెప్పేస్తే, పై ఆదివారం రారు కదండీ."