పదిహేడో నమూనా

నాకు శుభ్రత ఎక్కువ. గొప్ప కోసం చెప్పడం లేదు కానీ గొప్పే. గీత వంకరగా ఉంటే నాకు అన్నం సయించదు. రక్త పరీక్షల ల్యాబులో లెక్కలు చూసే ఉద్యోగం ఆ గుణం వల్లే వచ్చింది, చదువు వల్ల కాదు. ఆ లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. అంటే, తప్పులు దిద్దేవాళ్లు లేకుండా నేర్చుకున్నాను.

కొత్త మందు వేసుకున్నవాళ్ల రక్తంలో ఏ జన్యువు జోరందుకుందో, ఏది సద్దుమణిగిందో మా యంత్రం అంకెల్లో చెబుతుంది. ఆ అంకెల్లో సగం ఉత్త రొద. జల్లించి అసలు మార్పును పట్టుకోవాలి. నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది బుద్ధిగా ఒకే దారిన నడిచారు. పదిహేడో నమూనా ఒక్కటే, కాలేయానికి సంబంధించిన నాలుగు జన్యువులతో, కొమ్మెక్కి కూర్చుంది. తీసేశాను. కారణం గడిలో "నమూనా చెడింది" అని రాశాను. గీత పట్టుదారంలా వచ్చింది. ల్యాబు నడిపే పెద్ద మేడం భుజం తట్టారు.

పదిహేడో మనిషి బట్టలు కుట్టే ఆవిడ. మూడు వారాలకు కాలేయం పాడై చనిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి నివేదిక తీస్తున్నాను. తెల్లారితే అదే మందు ఇంకో రెండొందల మందికి మొదలు. రక్తం తీసే అక్క ఫ్రిజ్ సర్దుతోంది.

"ఏరా జల్లెడా, ఆవిడ రక్తం చెడిందని రాశావట?"

"గడ్డకట్టిందక్కా."

"చూశావా?"

"...చూశాను."

"నేను తీసినప్పుడు నిక్షేపంలా ఉందిరా. సూది గుచ్చుతుంటే నవ్వింది. 'రోజూ గుచ్చుకునేదాన్నేగా' అంది."

బ్యాగు తగిలించుకుని అక్క వెళ్లిపోయింది. గదిలో ఏసీ హోరు మిగిలింది. కాసేపటికి వాసన... కుట్టుమిషను నూనె వాసన.

తెర మీద తీసేసిన పదిహేడో వరస మళ్లీ ఉంది. తీసేశాను. పదహారులో అవే నాలుగు జన్యువులు లేచాయి. తర్వాత పద్దెనిమిదిలో. జల్లెడ బిగించాను. ఇరవై... ముప్పై... నలభై. అన్నీ.

వెనక టకటకమని చప్పుడు. ఆగింది. మళ్లీ. ఎవరో కాలితో తొక్కుతున్నట్టు...

నేను తిరగలేదు. మెడ మీద చల్లగా కొలతల టేపు పరుచుకుంది.

"కొలత సరిగ్గా తీశావా, తమ్ముడూ?"

గొంతులో కోపం లేదు. అందుకే ఏడ్చాను. కారణం గడి చెరిపి, "చెడలేదు. చూడకుండా నేనే తీసేశాను. మందు ఆపండి" అని రాసి మేడంకి పంపాను. చప్పుడు ఆగిపోయింది.

పావుగంటకు మేడం ఫోన్.

"రేపటిది ఆపేశాను. నీ సంగతి తర్వాత మాట్లాడతాను. ముందు ఇది చెప్పు. నలభై ఒకటో నమూనా ఎవరిది?"

"నలభయ్యే కదండీ..."

"నలభై ఒకటి ఉన్నాయి. దాంట్లోనూ అవే నాలుగు లేచాయి."

మోచేతి మడతలో చురుక్కుమంది. చొక్కా చెయ్యి పైకి మడిచాను. చిన్న దూది, మధ్యలో ఎర్రటి చుక్క. ప్లాస్టర్ లేదు. నీలి దారంతో చర్మానికి రెండు కుట్లు... సన్నగా, తీరుగా.

ఏ అంకె ఉంచాలో, ఏది తీసెయ్యాలో నేను ఇప్పటికీ నేర్చుకోలేదు. ఆ కుట్లు మాత్రం తియ్యలేదు.