దీపాలవేళ మోటారు

"మావోడు దొంగ కాడమ్మా! రేపు పన్లోంచి పీకేత్తారట. ఏటి సెయ్యను?" అంటూ విజయ కుమారి షాలిమార్‌లో డిటెక్టివ్ కౌముది ఆఫీసుకొచ్చి కుర్చీలో కూలబడింది. అసిస్టెంటు జాబేజ్ గబగబా మంచినీళ్లు అందించాడు.

సంగతేమిటంటే, టికియాపారాలో వాళ్ల కాలనీ నీటి పంపును ఇదివరకు ఆమె భర్త దయారత్నం చూసేవాడు. ఆయన పోయాక ఆ పని కొడుకు ఫెలిక్స్‌కి వచ్చింది. కరెంటు ఖర్చు తగ్గించాలని కాలనీ కమిటీ ఈమధ్యే స్మార్ట్ మీటర్లు పెట్టించింది. రేటు తక్కువుండే రాత్రివేళ మోటారు దానంతటదే తిరుగుతుంది. అయినా బిల్లు తగ్గితే ఒట్టు! ఫెలిక్స్ సాయంత్రాలు చాటుగా నీళ్లు అమ్ముకుంటున్నాడని కార్యదర్శి పెద్దిరాజు తేల్చిపారేశాడు.

పంపు గది దగ్గర పెద్దిరాజు ఫోను తెర చూపించాడు. "సూడండి మేడం, రోజూ దీపాలవేళకి కరెంటు ఎలా లేస్తందో! రేటు మండిపోయేది అప్పుడే. ఒక్క ఆదివారమే లేదు. ఆదివారం ఈడికి సెలవు. ఇంకేటి కావాల?"

"దాదా, నేను ముట్టుకోలేదు," అన్నాడు ఫెలిక్స్ పెద్దిరాజుతో, తల దించుకుని. బెంగాల్లో అన్నను అలాగే పిలుస్తారు.

"కింద ఈ గీత ఏమిటి?" అంది కౌముది.

"పైపులో పోయే నీళ్లు. సాయంత్రం... సున్నా," అన్నాడు పెద్దిరాజు తెరలోకి చూస్తూ.

గది తాళం చెక్కుచెదరలేదు. జాబేజ్ బుర్ర గిర్రున తిరిగింది. చుక్క నీళ్లు రాకుండా మోటారు తిప్పే దొంగ ఎవడుంటాడు? కౌముది మాత్రం తాపీగా, టీ తాగుదామంటూ పంపు గది వెనకే ఉన్న విజయ కుమారి ఇంటికి దారితీసింది. కిటికీలో రెండు గ్లాసులు బోర్లించి ఉన్నాయి.

"ఫెలిక్స్ కూడా తాగుతాడా?"

"ఆడు టీ ముట్టడమ్మా. రెండోది... అలవాటు."

"ఆదివారం సాయంత్రాలు మీరేం చేస్తారు?"

"చర్చికెల్తాను."

కౌముది కిటికీలోంచి పంపు గదివైపు చూసింది. టీ అయ్యాక అందరినీ పంపు గదిలో కూర్చోబెట్టింది.

"నీళ్లు అమ్మేవాడు పైపు వాల్వు మూసి మోటారు వేస్తాడా? వేసినవాళ్లకి కావలసింది నీళ్లు కాదు, చప్పుడు. వాళ్ల దగ్గర పాత తాళంచెవి ఉంది. ఆదివారం సాయంత్రం వాళ్లు ఇంట్లో ఉండరు." కౌముది గొంతు మెత్తబడింది. "దయారత్నం గారు రోజూ దీపాలవేళ మోటారు వేసి టీకి ఇంటికొచ్చేవారు, కదమ్మా?"

విజయ కుమారి బిత్తరపోయింది. "సుక్క నీరు పోనియ్యలేదమ్మా! వాల్వు కట్టేసీదాన్ని, మల్లీ ఇప్పేసీదాన్ని. నీరు పోకపోతే కర్సేటి?"

"మోటారు ఊరికే తిరిగినా కరెంటు లాగుతుందమ్మా."

"అయ్యో ప్రభువా! నా బిడ్డ నోటికాడ కూడు నేనే తీసేద్దునే!" ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ సప్పుడింటే ఆయన గుమ్మంలో సెప్పులిప్పుతున్నట్టుంటాది. ఒక్క గ్లాసు టీ తాగీదాకే, తల్లీ."

పెద్దిరాజు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. "ఫెలిక్సూ, రేపు డూటీకి వచ్చీ," అన్నాడు చివరికి.

విజయ కుమారి కొంగుముడి విప్పి తాళంచెవి కొడుకు చేతిలో పెట్టింది. అది చూసి జాబేజ్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇప్పుడు మోటారెప్పుడు తిరుగుతాదిరా?"

"రాత్రి పదకొండుకమ్మా. నువ్వు పడుకునుంటావు."

"మేలుకుంటాన్రా," అందామె. "టీ అప్పుడే పెట్టుకుంటాను."