గుక్క గుక్కగా తాగు బావా

దానమ్మకీ నాకూ మొదటి మాటే తగువుతో మొదలైంది.

అది ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్న ఏడాది. నేను అంతర్వేదిలో వెంకన్నగారి పడవ మీద పనికి కుదిరాను. సముద్రం మీదకి వెళ్ళేటప్పుడు పడవలో నీళ్ళకుండ పెడతారు. దాహమంటే తోటివాళ్ళు ఏడిపిస్తారని నేను ఆ కుండ ముట్టేవాణ్ణి కాదు. ఇరవై ఏళ్ళ పొగరు మరి! మూడో నాడు ఎండకి కళ్ళు తిరిగి పడిపోయాను. నన్ను మోసుకొచ్చి ఒడ్డున ఇసుకలో పడుకోబెట్టారు.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఒక పిల్ల. చేతిలో కొబ్బరిచిప్ప, పక్కన చెలమ. మా తీరంలో బావి నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఇసుక తవ్వితే చెలమలో ఊరేవే తాగే నీళ్ళు.

చిప్ప లాక్కుని ఎత్తబోయాను. చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఆగవోయ్ మొనగాడా! ఒక్కసారే పోసుకుంటే మొత్తం కక్కేస్తావు. ఒక గుక్క తాగు. ఆగు. మళ్ళీ ఇంకో గుక్క."

"నాకేం దాహం లేదు."

"అవునవును. పెదాలు ఎండుచేపలా ఉన్నాయి చూడు! దాహం వేసిందాకా ఆగడమే తప్పని మా నాన్న అనేవోడు. గుక్క గుక్కగా తాగు బావా."

బావా! నాకు తెలియకముందే తను వరస కలిపేసింది. వాళ్ళమ్మ సూరమ్మ మా నాన్నకి చెల్లెలి వరస.

ఆ తరవాత రోజూ పడవెక్కే ముందు నన్ను చెలమ దగ్గర ఆపేది. మూడు చిప్పలు తాగితే గానీ వదిలేది కాదు.

"నేను చేపని కాదు దానమ్మా, పొట్ట పగిలిపోద్ది!"

"పగిలితే కుట్టేస్తాలే. వలలు కుట్టే చేతికి నీ పొట్ట ఓ లెక్కా?"

నాలుగో చిప్ప నేనే అడిగేవాణ్ణి, ఇంకాసేపు అక్కడే నిలబడొచ్చని. ఆ సంగతి తనకీ తెలుసు. అందుకే చిప్పని సగమే నింపి ఇచ్చి, మళ్ళీ వంగి, మళ్ళీ నింపేది.

సూరమ్మత్తకి మాత్రం నేను గిట్టేవాణ్ణి కాదు. మావయ్యని సముద్రమే తీసుకుపోయింది. "పడవెక్కేవాడికి పిల్లనివ్వను" అనేది. వరసకి అల్లుణ్ణే అయినా ఏనాడూ అల్లుడా అని పిలవలేదు, "ఒరే బంగారయ్యా" అనేది. ఆ నోట ఆ ఒక్క మాట అనిపించుకోవాలని కట్టెలు మోశాను, తాటాకుతో ఇల్లు నేశాను, ఏం చెప్పినా "ఆయ్" అన్నాను.

మాఘంలో తీర్థం అయ్యాక ఊళ్ళో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఆ జబ్బు దానమ్మ దాకా వచ్చింది. అది తగిలిన వాళ్ళకి మా వైపు నీళ్ళివ్వరు. లంఖణం పరమౌషధం అంటారు, తాగినవన్నీ మళ్ళీ కక్కుతారంటారు. పెద్దల మాట.

నేను కుండ నిండా చెలమ నీళ్ళు తెచ్చి గుమ్మంలో నిలబడ్డాను. లోపల చాప మీద దానమ్మ పడుకుని ఉంది. ఒక్క పూటలోనే కళ్ళు లోపలికి పోయాయి, పెదాలు పగిలాయి.

"బావా, నీళ్ళు. గుక్క గుక్కగానే తాగుతాను. నీకు తెలుసు కదా."

తెలుసు. నాకు తెలుసు.

సూరమ్మత్త అడ్డొచ్చింది. "నీళ్ళిచ్చేవంటే పిల్ల దక్కదురా! నా మాట కాదంటే ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు."

"కాస్త పెదాలు తడుపుతాను అత్తా..."

"వద్దన్నానా!"

"ఆయ్, అలాగే అత్తా" అన్నాను.

ఎదురు చెపితే పిల్లనివ్వదేమోనని భయం. చూడండి నా తెలివి! పిల్ల ప్రాణం పోతుంటే నేను పెళ్ళి గురించి భయపడ్డాను. కుండ గుమ్మంలోనే దించేశాను. దానమ్మ ఆ కుండ వైపే చూస్తూ, పొద్దు వాలకముందే పోయింది.

మూడో రోజున అదే జబ్బు సూరమ్మత్తకి వచ్చింది. ఇరుగుపొరుగు అదే మాట అన్నారు, నీళ్ళివ్వొద్దని. ఈసారి నేను ఎవరి మాటా వినలేదు. తలుపేసేసి, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, దానమ్మ కొబ్బరిచిప్పతోనే ఒక గుక్క పోశాను. కక్కేసింది. కాసేపు ఆగి మళ్ళీ పోశాను. మధ్యమధ్య ఉప్పేసిన గంజి పట్టాను.

"నన్ను దాని దగ్గరికి పోనివ్వరా" అని ఏడ్చింది.

"కుదరదు. మింగు" అన్నాను.

రెండు రోజులు అలాగే గడిచాయి. ఆ మర్నాడు పొద్దున్న ఆమె లేచి కూర్చుంది. చిప్ప తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఇలా పోస్తే నీళ్ళు కడుపులో నిలుస్తాయని దానికి తెలుసా?"

"తెలుసత్తా. నాకూ తెలుసు."

"మరి నా మాటెందుకు విన్నావురా?"

ఉన్నదే చెప్పాను. "వింటే దాన్ని నాకిస్తావని."

సూరమ్మత్త గుండెలు బాదుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దానమ్మ పోయాక అదే మొదటిసారి నేను ఏడవడం. చాలాసేపటికి ఆమె చిప్ప నింపి నా నోటికి అందించింది.

"ఐదు రోజులై నువ్వూ సరిగా నీళ్ళు ముట్టలేదు" అంది. "తాగు అల్లుడా."